అత్తయ్యగారిని టెంట్‌లో పడుకోబెట్టవచ్చా?

పోయిన నెల ఇదే పేజీలో, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర భాగాన సుపీరియర్ సరస్సు ఒడ్డున క్యాంపింగ్ గురించి నాలుగు వాక్యాలు రాశాను. తల్లిదండ్రుల్ని కూడా తీసుకెళ్ళండి అన్నాను. దాంతో ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు ఆ విషయం మీదే వచ్చాయి. కొన్ని ఇక్కడి నుంచి, ఒకటి గుంటూరు నుంచి. అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

నా సంగతి తెలియనివాళ్ళ కోసం: మాది తణుకు దగ్గర పల్లె. 1998 నుంచి మినియాపొలిస్ పక్కన ఉంటున్నాం. 2009 నుంచి ఏటా వేసవిలో ఆ ఉత్తరపు అడవుల్లో కనీసం మూడు రాత్రులు గడుపుతున్నాం. నేను చెప్పేదంతా అలా తెలుసుకున్నదే.

ప్రశ్న: మేం ఈడెన్ ప్రెయిరీలో ఉంటాం. పదకొండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప. జూన్‌లో వరంగల్ నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. జులైలో సుపీరియర్ సరస్సు నార్త్ షోర్‌లో మూడు రోజులు క్యాంపింగ్ చేద్దామని మావారు పట్టుబడుతున్నారు. మాకిదే మొదటిసారి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మామయ్యగారికి షుగర్. ఆవిడని టెంట్‌లో పడుకోబెట్టవచ్చా? బాత్రూం సంగతి తలుచుకుంటే నాకు టెన్షన్‌గా ఉంది. ఆవిడ తనకేం కావాలో నోరు తెరిచి అడగరు.

పడుకోబెట్టవచ్చమ్మా. నేల మీద మాత్రం వద్దు.

2014లో మా అమ్మ వచ్చినప్పుడు నేనీ తప్పు చేశాను. టెంట్‌లో మెత్తటి పరుపే వేశాను, పైన బొంత కూడా పరిచాను. తెల్లవారుజామున మూడింటికి అమ్మకి బాత్రూంకి వెళ్ళాల్సి వచ్చింది. కింద నుంచి లేవాలంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. టెంట్ గోడ పట్టుకుంటే అది వంగిపోతుంది. మమ్మల్ని లేపడం ఇష్టం లేక, తెల్లారేదాకా చీకట్లో అలాగే కూర్చుంది. నేను లేచి చూసేసరికి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఉంది. "నిద్ర పట్టింది, బాగానే ఉంది" అంది. మీ అత్తయ్యగారు అడగరు అని మీరు రాసినప్పుడు నాకు ఆ తెల్లవారుజామే గుర్తొచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. వెళ్ళేవాళ్ళలో అందరికన్నా ఎవరికి కష్టమో ముందు వాళ్ళని తలుచుకుంటాను. రాత్రి రెండింటికి వాళ్ళకి మెలకువ వస్తే ఏమేం కావాలో వరుసగా కాగితం మీద రాస్తాను. లేచి కూర్చోవడానికి ఎత్తు, కాళ్ళకి చెప్పులు, చేతికి లైటు, నడవడానికి చదునైన దారి, వెళ్ళేచోట కూర్చునే కమోడ్, నీళ్ళు. అది తేలాకే ఏ పార్కు, ఏ సైట్ అని చూస్తాను. జలపాతాలూ సూర్యోదయాలూ ఆ తర్వాత.

ఆ లెక్కన మీకు గూస్‌బెర్రీ ఫాల్స్ స్టేట్ పార్కు చెబుతాను. మీ ఇంటి నుంచి డలూత్ మీదుగా కారులో మూడున్నర గంటల పైచిలుకు. టూ హార్బర్స్ అనే ఊరు దాటాక పదమూడు మైళ్ళే. క్యాంప్‌గ్రౌండ్‌లో ఫ్లష్ టాయిలెట్లు, వేడినీళ్ళ స్నానాలు ఉన్నాయి. జలపాతం దగ్గరికి గట్టి బాట వేశారు, వీల్‌చైర్ కూడా వెళ్తుంది. అత్తయ్యగారు తన అడుగుతో తాను నడిచి, చూసి రావచ్చు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాల్సిన పని లేకపోతే పెద్దవాళ్ళకి ఎంత హాయిగా ఉంటుందో మీరే చూస్తారు.

ఈ ప్రాంతంలో ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లు ముఖ్యంగా మూడు రకాలని గుర్తుపెట్టుకోండి. మొదటివి స్టేట్ పార్కులు: సౌకర్యాలు ఎక్కువ, జనమూ ఎక్కువ. రెండోవి నేషనల్ ఫారెస్ట్‌లో డబ్బు కట్టి ఉండేవి: సైట్‌కో బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనప చట్రం, ఉమ్మడిగా చేతిపంపు, నీళ్ళు లేని టాయిలెట్ గది. మూడోవి అదే అడవిలో ఉచితంగా ఉండేవి: నాలుగైదు సైట్లు, ఒక టాయిలెట్, అంతే. మంచినీళ్ళు మనమే తీసుకెళ్ళాలి, చెత్త మనమే వెనక్కి తెచ్చుకోవాలి. పెద్దవాళ్ళతో మొదటిసారి వెళ్తుంటే మొదటి రకమే మంచిది. ఒకవేళ ఈలీ అనే ఊరి వైపు వెళ్ళాలనుకుంటే ఫాల్ లేక్ క్యాంప్‌గ్రౌండ్ చూడండి. అది నేషనల్ ఫారెస్ట్‌దే అయినా కరెంటు, ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి.

బుకింగ్ గురించి. స్టేట్ పార్కుల్లో సరిగ్గా 120 రోజుల ముందు తెరుస్తారు. మీరు జులై 18న దిగాలనుకుంటే మార్చి 20న ఉదయం సిద్ధంగా ఉండాలి. శుక్ర, శనివారాలు చాలా త్వరగా నిండిపోతాయి. మావారు సెలవు పెట్టగలిగితే మేం ఎప్పుడూ ఆదివారం దిగి బుధవారం బయలుదేరతాం. అప్పుడు చుట్టుపక్కల సగం సైట్లు ఖాళీగా ఉంటాయి, స్నానాల గది దగ్గర క్యూ ఉండదు. ప్రవేశానికి కారు పర్మిట్ వేరే తీసుకోవాలి. రోజుకైనా ఏడాదికైనా దొరుకుతుంది. ఏడాదిలో నాలుగైదు రోజులకు మించి పార్కులకు వెళ్తే ఏడాది పర్మిటే కలిసొస్తుంది.

బుకింగ్ పేజీలో ప్రతి సైట్‌కీ ఫొటో, మ్యాప్ ఉంటాయి. టాయిలెట్‌కి మరీ ఆనుకున్న సైట్ వద్దు. రాత్రంతా తలుపు చప్పుడు, లైటు. రెండు మూడు సైట్ల అవతలది తీసుకోండి. కారు టెంట్ పక్కనే ఆగేదిగా ఉండాలి. కొన్ని సైట్లకు కారు దూరంగా ఆపి సామాను మోసుకుంటూ నడవాలి. ఆ వివరం చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. ఒక్కో సైట్‌లో ఎంతమంది ఉండవచ్చో కూడా అక్కడే రాసి ఉంటుంది.

అత్తయ్యగారికి మడత మంచం కొనండి. కుర్చీ ఎత్తు ఉండేది, కాళ్ళు గట్టిగా ఉండేది. కొన్నాక ఇంట్లో హాల్లో వేసి ఒక రాత్రి ఆవిడని పడుకోమనండి. సరిపడకపోతే అప్పుడే తెలుస్తుంది. మంచం కింద నుంచి గాలి ఆడి వీపు చల్లబడుతుంది కాబట్టి దాని మీద బొంత వేయాలి. జులైలో కూడా ఆ సరస్సు ఒడ్డున రాత్రి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగడం మామూలే. మేం ఒక రగ్గు, ఒక శాలువా, ఊలు సాక్సులు ప్రత్యేకంగా అమ్మ సంచిలో పెడతాం. మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు ఒకటి పెట్టండి. లేచేటప్పుడు చెయ్యి ఆనించడానికి, లైటూ కళ్ళజోడూ పెట్టుకోవడానికి పనికొస్తుంది. టాయిలెట్‌కి నీళ్ళ సీసా, చెంబు విడిగా ఒక చేతిసంచిలో సర్దండి. ఆ సంచి ఎక్కడుందో ఆవిడకి చెప్పండి. ఆవిడ అడక్కుండానే అన్నీ ఆవిడకి అందాలి.

మామయ్యగారి విషయం కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. ఎలుగుబంట్ల వల్ల టెంట్‌లో తినే వస్తువేదీ ఉంచకూడదు, బిస్కెట్ ప్యాకెట్ కూడా. కానీ షుగర్ ఉన్నవాళ్ళకి రాత్రి షుగర్ పడిపోతే వెంటనే ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. అందుకే కారు టెంట్ పక్కనే ఉండాలన్నాను. ముందు సీటు పక్క అరలో ఆయనకి కావలసినవి పెట్టి, ఒక తాళం చెవి ఆయన దిండు కింద, ఇంకోటి మీవారి దగ్గర ఉంచండి. ఇన్సులిన్ వాడుతుంటే అది ఐసుకి నేరుగా తగలకూడదు, గడ్డకడితే పనికిరాదు. ప్రయాణానికి ముందు డాక్టర్‌తో ఒకసారి మాట్లాడించండి.

ఇక మూడు రోజుల్లో ఏం చూడాలని అడగలేదు కానీ చెబుతాను. గూస్‌బెర్రీ నుంచి కొద్ది మైళ్ళలోనే స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ ఉంది. 1905 నవంబర్‌లో వచ్చిన పెనుతుఫానులో ఓడలు దెబ్బతిన్నాక దాన్ని కట్టి 1910లో వెలిగించారు. ఒక పూట దానికి సరిపోతుంది. ఇంకో రోజు పూర్తిగా ఖాళీగా ఉంచండి. ఏ ప్రోగ్రామూ వద్దు. మామయ్యగారు బల్ల దగ్గర పేపర్ చదువుకుంటారు, పిల్లలు గులకరాళ్ళు విసురుకుంటారు. కార్లో ఎక్కీ దిగీ అలిసిపోవడానికైతే ఇంత దూరం అక్కర్లేదు కదా.

ప్రశ్న: వంట ఎలా? మా ఇంట్లో అందరికీ వేడి అన్నం ఉండాలి. తాలింపు వాసనకి ఎలుగుబంట్లు వస్తాయని భయపెడుతున్నారు. (ఒక పాఠకురాలు, ప్లైమౌత్)

ఎలుగుబంట్లు ఉన్న మాట నిజం. మిన్నెసోటాలో ఉండేవి నల్ల ఎలుగులే, మనిషి అలికిడి వింటే పక్కకి తప్పుకునేవే. కానీ ఒకసారి మనుషుల తిండి రుచి మరిగితే మళ్ళీ మళ్ళీ వస్తాయి. అలా అలవాటుపడ్డ ఎలుగుని చివరికి చంపాల్సి కూడా వస్తుంది. మనం జాగ్రత్తగా ఉండేది మన కోసమే కాదు, వాటి కోసం కూడా.

తాలింపు పెట్టుకోండి. వాసన గాలికి పోతుంది. ప్రమాదమల్లా మిగిలిపోయిన దానితో. వంట టెంట్‌కి వీలైనంత దూరంలో చేయండి. తిన్నాక బియ్యం, పప్పు, నూనె, ఊరగాయ, కూలర్, గిన్నెలు, చెత్తసంచి అన్నీ కారులో పెట్టి అద్దాలు ఎక్కించి తాళం వేయండి. కూలర్‌కి మూత గట్టిగా ఉందిలే అని బల్ల కింద వదలకండి. మనవాళ్ళు మర్చిపోయేవి ఇంకో మూడున్నాయి: కొబ్బరినూనె, టూత్‌పేస్ట్, పిల్లల జేబుల్లో చాక్లెట్లు. ఇవి కూడా కారులోకే. వంట చేసిన బట్టలతో పడుకోకండి.

గంజి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో అలవాటుగా గంజి వార్చేవాళ్ళు అక్కడ కూడా చెట్టు మొదట్లో వంచేస్తారు. ఆ మెతుకుల వాసన రోజుల తరబడి అక్కడే ఉంటుంది. మనం వెళ్ళిపోయాక వచ్చే కుటుంబం ఆ సైట్‌లో పడుకుంటుంది. అందుకని వార్చకండి. కొలత నీళ్ళు పోసి ఇగరనివ్వండి. గ్యాస్ స్టవ్ మీద మూడు లీటర్ల కుక్కర్ చక్కగా నిలుస్తుంది, నేను అదే వాడతాను. ఎంగిలి గిన్నెలు చేతిపంపు కింద కడగకూడదు, సరస్సులో అసలే వద్దు. టబ్బులో కడిగి, ఆ నీళ్ళని జల్లెడ పట్టి, మెతుకులు చెత్తసంచిలో వేయాలి. మురికినీళ్ళు పారబోయడానికి ఎక్కడ చోటిచ్చారో క్యాంప్‌గ్రౌండ్ బోర్డు మీద ఉంటుంది.

నేను మొదటి రోజుకి ఇంట్లోనే పులిహోర కలిపి తీసుకెళ్తాను. టెంట్ వేసే హడావుడిలో వంట పని ఉండదు. రెండో రోజు ఉదయం ఉప్మా. రవ్వ ఇంట్లోనే తాలింపుతో వేయించి డబ్బాలో పోస్తాను, అక్కడ వేడినీళ్ళు పోస్తే చాలు. రాత్రికి పెసరపప్పు కిచిడీ, కందిపొడి, నెయ్యి. మూడు రోజులకి ఇంతకంటే అక్కర్లేదు. ఇంటి వంటగదిని మొత్తం మోసుకెళ్తే ఆ మూడు రోజులూ ఇంటి ఇల్లాలికి వంటతోనే సరి. ఆవిడ కూడా సరస్సు చూడటానికే వచ్చింది.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళకండి. బెరడు కింద దాక్కున్న పురుగులు వాటితోపాటే ఊరు దాటుతాయి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు ఇలాగే పాకి యాష్ చెట్లని చంపుతోంది. క్యాంప్‌గ్రౌండ్ దగ్గర అమ్మే ఆమోదించిన కట్టెలే కొనండి.

ఇంకో మాట. ఆ దారిలో చేత్తో కోసిన వైల్డ్ రైస్ అమ్ముతుంటారు, ఒక ప్యాకెట్ కొనండి. ఆ నేల ఒజిబ్వే ప్రజలది. 1854 ఒప్పందంలో భూమి ఇచ్చేసినా అక్కడ వేటాడే, చేపలు పట్టే, పంట ఏరుకునే హక్కులు వాళ్ళు వదులుకోలేదు. ఈ గింజని వాళ్ళు మనూమిన్ అంటారు. సరస్సుల్లో నీళ్ళలోనే పెరుగుతుంది. వేసవి చివర్లో ఇద్దరు పడవ మీద వెళ్ళి, ఒకరు పడవ నడుపుతుంటే ఇంకొకరు రెండు కర్రలతో వెన్నులు వంచి గింజలు పడవలోకి రాలుస్తారు. వరి పొలాల మధ్య పుట్టినదాన్ని కాబట్టి కాబోలు, దాని గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఉడకడానికి ముప్పావుగంట దాకా పడుతుంది. ఇంటికొచ్చాక వండుకోండి.

ప్రశ్న: దోమలు లేని నెల ఏది? (ఒక పాఠకుడు, రోచెస్టర్)

ఆగస్టు రెండో సగం, సెప్టెంబర్ మొదటి సగం. మే చివరి నుంచి జూన్ దాకా నల్ల ఈగలు, జూన్, జులైల్లో దోమలు. జులై చివరికి తగ్గడం మొదలవుతుంది, అప్పుడే అడవి బ్లూబెర్రీలు కూడా పండుతాయి. పిల్లల బడి సెలవుల వల్ల జులైలోనే వెళ్ళాల్సి వస్తే లేత రంగు పొడుగు చేతుల చొక్కాలు, తల మీద నుంచి మెడ దాకా దిగే దోమతెర, డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు తీసుకెళ్ళండి. దోమల కంటే నేను ఎక్కువ పట్టించుకునేది పిడుదుల్ని. వాటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపి నడవండి. రోజూ సాయంత్రం పిల్లల చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులో వెతకండి. కనిపిస్తే సన్నటి పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిటారుగా లాగేయాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి.

ప్రశ్న: అక్కా, మేం డాలస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న ఆరుగురు స్నేహితులం. ఈ ఆగస్టులో మిన్నెసోటా ఉత్తరాన ఉన్న సరస్సుల అడవి, బౌండరీ వాటర్స్‌లో పడవల మీద వెళ్ళి నాలుగు రాత్రులు ఉండాలని ప్లాన్. ఒక్కరికే ఈత వచ్చు. ఏమేం చూసుకోవాలి?

తమ్ముడూ, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఈత గురించినది. దాన్ని నువ్వు చివర్లో రాశావు. నేను ముందు దానికే జవాబు చెబుతాను. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే సరిపోదు, ఒంటి మీద ఉండాలి. ఒడ్డున కాలు పెట్టేదాకా బకిల్ తీయకూడదు. ఫొటో కోసం కూడా. ఆగస్టులో కూడా గాలి లేచిందంటే ఆ సరస్సుల్లో పడవ తిరగబడుతుంది. చల్లటి నీళ్ళలో పడితే ఈత వచ్చినవాడికి కూడా ఊపిరి అందదు. పెద్ద సరస్సు మధ్యలోంచి అడ్డంగా వెళ్ళకండి, ఒడ్డు వెంబడే వెళ్ళండి. ఉదయం గాలి తక్కువ, మధ్యాహ్నానికి పెరుగుతుంది. అందుకని తెల్లవారగానే బయలుదేరి భోజనాల వేళకి టెంట్ వేసేయండి.

ఆ ప్రదేశం పది లక్షల ఎకరాలకు పైనే. రోడ్లు లేవు, సరస్సుకీ సరస్సుకీ మధ్య పడవని నెత్తి మీద పెట్టుకుని నడవాలి. ఆ నడక దూరాన్ని అక్కడ మ్యాపుల్లో 'రాడ్'లలో రాస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, దాదాపు ఒక పడవ పొడవు. 320 రాడ్‌లు ఒక మైలు. మ్యాప్ మీద 140 అని చూసి అడుగులనుకోకండి. మొదటిసారి కాబట్టి రోజుకి ఒకటి రెండు చిన్న నడకలున్న దారే ఎంచుకోండి. కెవ్లార్ అనే తేలికైన పదార్థంతో చేసిన పడవ అద్దెకి తీసుకోండి. అల్యూమినియం దానికంటే అద్దె ఎక్కువే, కానీ భుజాలకి తేడా తెలుస్తుంది.

మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి ఉండాలంటే పర్మిట్ కావాలి. ఏ ద్వారం నుంచి ఏ రోజు ఎన్ని బృందాలు వెళ్ళవచ్చో లెక్క ఉంటుంది. జనవరి చివరి బుధవారం నాడు బుకింగ్ తెరుస్తారు, అది అయిపోయింది. అయినా కంగారుపడకు. రద్దయినవి మళ్ళీ కనిపిస్తుంటాయి, రోజూ చూడు. లేక్ వన్, మూస్ లేక్ లాంటి పేరున్న ద్వారాలే కాకుండా మిగతావీ చూడు. వారం మధ్యలో బయలుదేరేలా పెట్టుకుంటే దొరికే అవకాశం ఎక్కువ. బృందంలో తొమ్మిది మంది, నాలుగు పడవలు మించకూడదు. మీరు ఆరుగురు, మూడు పడవలు. సరిపోతుంది. పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు తప్పకుండా రావాలి.

తిండి, పానీయాలు డబ్బా టిన్నుల్లో, గాజు సీసాల్లో తీసుకెళ్ళనివ్వరు. అమ్మ పంపిన ఆవకాయ సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకో. తిండిని ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి, లేదా చెట్టుకి నేల నుంచి పన్నెండు అడుగుల ఎత్తున, మొదలు నుంచి ఆరు అడుగుల దూరంగా వేలాడదీయాలి. అలా సరిగ్గా కట్టగలిగే కొమ్మ అన్నిచోట్లా దొరకదు. డబ్బా అద్దెకి తీసుకో. సరస్సు నీళ్ళు అద్దంలా కనిపించినా కాచి గానీ ఫిల్టర్ చేసి గానీ తాగండి.

ఫోన్ పనిచేయదు. కాగితం మ్యాపు, దిక్సూచి, వాటిని చదవడం వచ్చినవాళ్ళు ఉండాలి. ఏ రోజు ఎక్కడ ఉంటారో, ఎప్పటికి బయటికి వస్తారో రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. 2021 ఆగస్టులో కరువు, మంటల వల్ల బౌండరీ వాటర్స్ మొత్తం మూసేశారు. ఆ వారమే మేం వెళ్ళాల్సింది. పడవలు, సెలవులు అన్నీ సిద్ధం చేసుకుని ఆగిపోయాం. కాబట్టి బయలుదేరేముందు మంటల నిషేధం ఉందేమో చూసుకోండి. నిప్పు వేయనివ్వని రోజుల కోసం గ్యాస్ స్టవ్ తప్పకుండా పెట్టుకోండి.

నా మాట వింటావా? నాలుగు రాత్రులూ లోపల ఉండాలని పట్టుపట్టకు. టాఫ్టీ నుంచి సాబిల్ ట్రైల్ మీద ఇరవై నాలుగు మైళ్ళు లోపలికి వెళ్తే సాబిల్ లేక్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. కారులోనే వెళ్ళవచ్చు. పక్కనే పడవలు అద్దెకిచ్చేవాళ్ళున్నారు. మొదటి రెండు రాత్రులు అక్కడ ఉండి, పగటిపూట పడవ నడపడం నేర్చుకోండి. ఒక్క పగటికి వెళ్ళిరావడానికి పర్మిట్ చీటీ మీరే రాసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చేతులు కుదిరాక మిగతా రెండు రాత్రులకి అదే సరస్సు నుంచి లోపలికి వెళ్ళండి. ఆ ద్వారం నంబరు 38. పర్మిట్ దానికే వెతుకు.

ప్రశ్న: మాకు ఎక్కడా బుకింగ్ దొరకలేదు. ఊరికే వెళ్ళిపోతే సైట్ దొరుకుతుందా? (ఒక పాఠకుడు, మేపుల్ గ్రోవ్)

శుక్రవారం సాయంత్రం వెళ్తే దొరకదు. 2009లో మా మొదటి ప్రయాణం అలాంటిదే, అదీ లేబర్ డే వారాంతం. ఒక్కో పార్కు ముందు ఆగడం, నిండిపోయింది అన్న బోర్డు చూడటం, మళ్ళీ కారెక్కడం. పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. చీకటి పడ్డాక ఫిన్‌లాండ్ అనే ఊరు దాటి లోపల, ఉచిత సైట్ ఒకటి దొరికింది. మా దగ్గర రెండు సీసాల నీళ్ళే ఉన్నాయి. అవి పిల్లలకి ఉంచి మేమిద్దరం తాగకుండా పడుకున్నాం. అర్ధరాత్రి లూన్ పక్షి అరిచింది. అది ఏమిటో తెలియక పాప నన్ను కరుచుకుని ఏడ్చింది.

సోమవారం నుంచి గురువారం మధ్య, మధ్యాహ్నం లోపు చేరగలిగితే మాత్రం వెళ్ళండి. నేషనల్ ఫారెస్ట్‌లో కొన్ని సైట్లు, స్టేట్ ఫారెస్ట్ క్యాంప్‌గ్రౌండ్లలో చాలావరకు ముందొచ్చినవాళ్ళకే ఇస్తారు. మనిషికి రోజుకి కనీసం నాలుగు లీటర్ల చొప్పున నీళ్ళు, నిండు పెట్రోలు, ఫోన్‌లో ముందే దించుకున్న మ్యాపు ఉండాలి. ఉదయం మీ ఊరి గుడిలో దర్శనం చేసుకుని అటు నుంచే వెళ్దాం అనుకుంటే అక్కడికి చేరేసరికి సాయంత్రమవుతుంది. ముందురోజే దర్శనం చేసుకోండి.

ప్రశ్న: నా వయసు 68. రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, గుంటూరు. మా అబ్బాయి మినియాపొలిస్‌లో ఉంటాడు. జులైలో మేం వస్తే అడవిలో టెంట్ వేసి ఉందామంటున్నాడు. మా ఆవిడ భయపడుతోంది. నాకు ఇష్టమే గానీ, అబ్బాయికి భారమవుతామేమోనని సంకోచం. మీ అభిప్రాయం చెప్పండి.

మాస్టారూ, మీ అబ్బాయి మిమ్మల్ని పిలిచాడంటే మీతో అక్కడ కూర్చోవాలని అతనికి ఎంతో ఉండి ఉంటుంది. ఇక్కడ పిల్లలకి వారంలో అయిదు రోజులు ఉద్యోగం, మిగతా రెండు రోజులు ఇంటి పని. నాన్నతో తీరిగ్గా కూర్చునే సమయం ఇంట్లో దొరకదు. అడవిలో ఫోన్ మోగదు. మా మామగారు మాతో వచ్చిన ఏడాది, మావారికి తన తాతగారి గురించి అంతవరకూ తెలియని సంగతులు నిప్పు దగ్గర కూర్చుని రెండు రాత్రుల్లో చెప్పారు. మావారు కట్టె వేయడం కూడా మర్చిపోయి వింటూ ఉండిపోయారు. మీరు రండి.

అమ్మగారికి చెప్పండి: మన వైపు అడవుల్లో ఉన్నట్టు అక్కడ నాగుపాములు, రక్తపింజరలు లేవు. పులులు లేవు. తోడేళ్ళున్నాయి, కనిపించవు. రాత్రి దూరం నుంచి వినిపిస్తే వినిపించవచ్చు. సరస్సు మీద లూన్ అరిచినప్పుడు మనిషి ఏడ్చినట్టు ఉంటుంది. అది ఆ రాష్ట్ర పక్షి, భయం లేదు. ఈ మాట మీరు ముందే చెప్పి ఉంచితే మంచిది.

మీరు అబ్బాయిని మూడు సంగతులు అడగండి. సైట్ నుంచి టాయిలెట్ ఎన్ని అడుగులు? మాకు మంచాలున్నాయా? కారు పక్కనే ఉంటుందా? అడగడానికి మొహమాటపడకండి. ముందు అడిగితే అతను ఏర్పాటు చేయగలడు. అక్కడికెళ్ళాక ఓర్చుకుంటే అతనికి తెలియనే తెలియదు.

గుంటూరు నుంచి బయలుదేరేటప్పుడు మందులు ప్రయాణం రోజుల కంటే రెండు వారాలు ఎక్కువ తెచ్చుకోండి. మందుల పేర్లు ఇంగ్లీషులో రాసిన డాక్టర్ చీటీ ఒకటి జేబులో ఉండాలి. పాత జబ్బులకి కూడా వర్తించే ఇన్సూరెన్స్ ఏదో అబ్బాయిని ముందే చూడమనండి. ఆ వైపు గ్రాండ్ మరేలో, ఈలీలో చిన్న ఆసుపత్రులున్నాయి. పెద్ద వైద్యానికి డలూత్ రావాలి. హవాయి చెప్పులతో రాళ్ళ మీద నడవకండి. మడమ కప్పే బూట్లు కొని, గుంటూరులోనే నెల రోజులు ఉదయపు నడకకి వాడండి. అమ్మగారికి కూడా.

సూర్యోదయం అక్కడ జులైలో అయిదు దాటిన కాసేపటికే. మీకు సంధ్యావందనం అలవాటుంటే ఒడ్డున చదునైన రాయి దొరుకుతుంది. రాత్రి దాదాపు తొమ్మిదింటి దాకా పొద్దు గుంకదు, భోజనం ఆలస్యం కానివ్వకండి. నీళ్ళలో కాళ్ళు పెట్టేముందు చేత్తో చూడండి, సుపీరియర్ సరస్సు ఎండాకాలంలో కూడా ఐసులా ఉంటుంది. చలి మీకు తెల్లవారుజామున పది డిగ్రీల సెల్సియస్ దాకా అనిపించవచ్చు. ఇద్దరికీ స్వెట్టర్లు, ఊలు సాక్సులు, మీకు మంకీ క్యాప్, అమ్మగారికి చెవులు మూసే స్కార్ఫు. మంకీ క్యాప్ అక్కడ కొందామంటే జులైలో దొరకదు. గుంటూరు నుంచే పెట్టెలో పెట్టుకోండి.